గేటు లోపల ప్రతిజ్ఞ, గేటు బయట పొట్లం

కర్నూలు జిల్లా ఎమ్మిగనూరులోని సోమప్ప సర్కిల్ చాలా ర్యాలీలను చూసింది. యూనిఫాంలో రెండు వరుసల పిల్లలు, చేతుల్లో నినాదాల అట్టలు, ముందు పీఈటీ సారు విజిలు, వెనక పోలీసు జీపు. ఒకసారి పొగాకు వద్దంటారు, ఒకసారి మత్తు వద్దంటారు, ఇంకోసారి బాల్యవివాహాలు వద్దంటారు. మానవహారం కడతారు, కుడిచెయ్యి చాచి ప్రతిజ్ఞ చదువుతారు, ఫొటో దిగుతారు. మధ్యాహ్నం అన్నం గంట కొట్టేలోపు మళ్లీ తరగతిలో ఉంటారు. బడి వదిలేసరికి గేటు అవతలి కొట్లో పాన్ మసాలా పొట్లాల దండలు ఉదయం ఉన్నట్టే వేలాడుతుంటాయి. ఆదోనిలోనైనా కోసిగిలోనైనా ఇదే వరస.

పిల్లలు చెబితే ఊరు మారుతుందా? మారిన సందర్భాలున్నాయి, మారనివి అంతకంటే ఎక్కువ. తేడా ఎక్కడ వస్తుందో ఈ పాతికేళ్లలో చాలామంది పరిశీలించారు, చాలావరకు తేల్చారు కూడా. నాకు అర్థమైనంతలో దాని సారం ఇది: పిల్లలచేత ఊరికి నీతులు చెప్పించడం ఒక పని, పిల్లలు ఊరిని ఫలానాది కావాలని అడగడం ఇంకో పని. మొదటిది మనం ఏటా చేయిస్తూనే ఉన్నాం. ఫలితం కనబడేది రెండోదాంట్లో.

మొదటిదాన్ని ఎంత మొక్కుబడిగా చేయిస్తామో చెప్పడానికి ఒక చిన్న సంగతి చాలు. ప్రపంచ పొగాకు వ్యతిరేక దినం మే 31. మన బడులు తెరిచేది జూన్ 12న. అసలు వినాల్సిన పిల్లలు వేసవి సెలవుల్లో ఉన్నప్పుడే ఆ ప్రతిజ్ఞ జరిగిపోతుంది.

ముందు చట్టం ఏం చెబుతోందో చూద్దాం. పిల్లలు అడగదగినవి చాలావరకు ఇప్పటికే చట్టంలో ఉన్నాయి, కొత్తగా ఎవరూ ఇవ్వాల్సింది లేదు. సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం 2003లో వచ్చింది. అధికారులు దాన్ని ‘కోట్పా’ అంటారు. అందులో ఆరో సెక్షన్ ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు పొగాకు అమ్మకూడదు. విద్యాసంస్థకు 100 గజాల లోపల అసలు ఎవరికీ అమ్మకూడదు. 100 గజాలంటే 91 మీటర్ల పైచిలుకు. ప్రహరీ బయటి అంచు నుంచి నాలుగు దిక్కులకూ సూటిగా కొలవాలి. రోడ్డు మలుపులు తిరిగినంత మేరా లెక్కగట్టి ‘మా కొట్టు దూరంలోనే ఉంది’ అంటే కుదరదు. తప్పితే జరిమానా 200 రూపాయల దాకా. ఇంతేనా అని నవ్వేవాళ్లు 2015 బాలల న్యాయ చట్టంలోని 77వ సెక్షన్ చూడాలి. పిల్లలకు పొగాకుగానీ మద్యంగానీ మత్తుపదార్థంగానీ అమ్మినా, ఇచ్చినా ఏడేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంటాయి.

గుట్కా సంగతి వేరు. 2006 ఆహార భద్రత చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనలు తినే వస్తువుల్లో పొగాకు, నికోటిన్ కలపకూడదన్నాయి. వాటి ఆధారంగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2013లో గుట్కాను నిషేధించింది, అదే ఏడు కర్ణాటక కూడా. నిషేధం వచ్చాక వ్యాపారం తెలివి మీరింది. వక్క, సున్నం, సుగంధం ఒక పొట్లంలో, పొగాకు ఇంకో పొట్లంలో పెట్టి రెండూ పక్కపక్కనే వేలాడదీశారు. రెండూ కొని అరచేతిలో కలుపుకుంటే పాత గుట్కాయే. పైగా కౌతాళం, హొళగుంద, మంత్రాలయం మండలాలకు కర్ణాటక పొలిమేర పక్కనే. అక్కడి నుంచి గుట్కా బస్తాలు, మద్యం టెట్రా ప్యాకెట్లు రావడం, పోలీసులు పట్టుకోవడం ఈ ప్రాంతంలో పత్రికల జిల్లా పేజీ చదివేవాళ్లకు కొత్త కాదు.

మరి చట్టం ఉండి, హెచ్చరిక ఉండి పిల్లలు ఎందుకు వినరు? 2016 ఏప్రిల్ నుంచి పొగాకు పొట్లం ముఖంలో 85 శాతం మేర బొమ్మతో హెచ్చరిక వేస్తున్నారు. దేశంలో 13–15 ఏళ్ల బడిపిల్లల మీద 2019లో జరిగిన సర్వేలో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. వాళ్లలో చాలామంది పదేళ్లు నిండకముందే మొదటిసారి రుచి చూసినవాళ్లు. బొమ్మ చూసి భయపడరా అంటే, భయపడతారు. కానీ పద్నాలుగేళ్ల పిల్లవాడికి నలభై ఏళ్ల తర్వాత వచ్చే జబ్బు వేరే ఎవరికో వచ్చేదిగా కనబడుతుంది. వాడికి ఈ సాయంత్రం పెద్ద తరగతి అన్నల పక్కన నిలబడటం ముఖ్యం. ‘పెద్దవాళ్లది, నీకు కాదు’ అని మనం ఎంత గట్టిగా చెబితే, ఆ పొట్లం వాడికి అంతగా పెద్దరికపు గుర్తు అవుతుంది.

ఈ చిక్కుముడిని అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం ఒకలా విప్పింది. 1997లో సిగరెట్ కంపెనీల మీద వేసిన దావాలో రాజీ కుదిరి ఆ రాష్ట్రానికి పెద్ద మొత్తం వచ్చింది. అందులో కొంత తీసి, 1998 మొదట్లో వందలమంది టీనేజర్లను ఒకచోట కూర్చోబెట్టి, ప్రచారం ఎలా ఉండాలో మీరే చెప్పండన్నారు. ‘సిగరెట్ చంపుతుందని మాకు తెలుసు, ఆ పాఠం వద్దు. పాత గిరాకీలు చనిపోతుంటే కొత్త గిరాకీలుగా మమ్మల్ని కంపెనీలు ఎలా వల వేస్తున్నాయో చెప్పండి’ అన్నది పిల్లల మాట సారాంశం. ‘ట్రూత్’ అనే ఆ ప్రచారం ఆ దారిలోనే నడిచింది. రెండేళ్లలో మాధ్యమిక తరగతుల్లో సిగరెట్ తాగేవారి వాటా 18.5 నుంచి 11.1 శాతానికి, హైస్కూల్లో 27.4 నుంచి 22.6 శాతానికి తగ్గింది. పిల్లల్లో ఎలాగూ ఉండే ఎదురుతిరిగే గుణాన్ని నాన్న మీదకో సారు మీదకో వదలకుండా కంపెనీ మీదకు తిప్పారు. ఎమ్మిగనూరు పిల్లవాడికి కూడా చెప్పాల్సిన సంగతి ఇదే. పొగాకు ప్రకటనను చట్టం ఒప్పుకోదు కాబట్టి అదే పేరుతో ఇలాచీ ప్రకటన వేసి, సినిమా హీరోచేత చెప్పించి, తన జేబులోని ఐదు రూపాయలకు గాలం వేస్తున్నదెవరో వాడికి తెలియాలి.

రెండో పాఠం బ్రిటన్‌ది. నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించినది కూడా. ఇంగ్లండ్, వేల్స్‌లోని 59 బడుల్లో, 12–13 ఏళ్ల పిల్లలు పదివేలమందికి పైగా పాల్గొన్న ‘అసిస్ట్’ అనే పొగతాగుడు నివారణ ప్రయోగం ఫలితాలు 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. అక్కడ ప్రచారకులను సార్లు ఎంచలేదు. ‘మీ తరగతిలో మీరు ఎవరి మాట వింటారు, ఎవరిని చూసి నడుచుకుంటారు?’ అని పిల్లలనే అడిగి, ఎక్కువమంది రాసిన పేర్లను తీసుకున్నారు. అలా వచ్చినవాళ్లలో బుద్ధిమంతులు మాత్రమే ఉండరు. వెనక బెంచీవాళ్లు, గొడవలు పెట్టుకునేవాళ్లు కూడా ఉంటారు. వాళ్లకు రెండు రోజుల శిక్షణ ఇచ్చి, వేదికలూ ఉపన్యాసాలూ లేకుండా బస్సులో, మైదానంలో, అన్నం దగ్గర మామూలుగా మాట్లాడుకోమన్నారు. ఏడాది తర్వాత చూస్తే ఆ బడుల్లో పొగతాగే అలవాటు మిగతా బడుల కంటే స్పష్టంగా తక్కువ. రెండేళ్లు దాటేసరికి ప్రభావం కొంత పలచబడింది. అంటే ఒకసారి చేసి వదిలేస్తే నిలవదు, ప్రతి కొత్త తరగతితో మళ్లీ మొదలెట్టాలి.

మన దేశంలోనూ ఆధారం ఉంది. 2004–06 మధ్య ఢిల్లీ, చెన్నైలలో 32 బడుల్లో ‘మైత్రి’ పేరుతో ఒక ప్రయత్నం జరిగింది. తరగతిలో పాఠాలు, తోటిపిల్లల నాయకత్వం, గోడపత్రాలు, తల్లిదండ్రులకు కార్డులు అన్నీ కలిపి రెండేళ్లు నడిపారు. కార్యక్రమం లేని బడుల్లో ఆ రెండేళ్లలో పొగాకు వాడకం 68 శాతం పెరిగితే, ఉన్న బడుల్లో 17 శాతం తగ్గింది. ఒక్కరోజు ర్యాలీకీ రెండేళ్ల పనికీ తేడా ఈ రెండు అంకెల్లో ఉంది.

ఇప్పుడు మన ఏర్పాటు చూడండి. కాగితం మీద అది చెడ్డదేమీ కాదు. 2014 జనవరిలో మొదలైన జాతీయ కిశోర ఆరోగ్య కార్యక్రమం 10–19 ఏళ్ల పిల్లల కోసం ఊళ్లోనే తోటి బోధకులు ఉండాలంటుంది, ఆడపిల్లలూ మగపిల్లలూ సమానంగా. 2020లో వచ్చిన బడి ఆరోగ్య కార్యక్రమం బడికి ఇద్దరు ఉపాధ్యాయులను ఆరోగ్య రాయబారులుగా, పిల్లలను ఆరోగ్య సందేశకులుగా పెట్టమంటుంది. పొగాకురహిత విద్యాసంస్థల మార్గదర్శకాలు బడికి 100 గజాల దూరంలో పసుపు గీత గీయమంటాయి, పర్యవేక్షకుల్లో విద్యార్థులనూ చేర్చమంటాయి. చిక్కల్లా ఎంపికలోనే. హెడ్‌మాస్టరు ఎవరిని పంపుతారు? ఫస్ట్ ర్యాంకు అమ్మాయిని, లేదా మైకు దగ్గర తడబడని అబ్బాయిని. పొట్లం జోలికి ఎన్నడూ పోని పిల్లవాడు వచ్చి పోవద్దని చెబితే, పోయేవాడికి ఏం పడుతుంది? తరగతి మాట వినేది ఎవరిదో సార్లకూ తెలుసు. కాకపోతే వాడి పేరు అల్లరివాళ్ల జాబితాలో ఉంటుంది, ఆరోగ్య సందేశకుల జాబితాలో ఉండదు.

భాష కూడా చూడాలి. ఆదోనిలో ఉర్దూ మాధ్యమం బడులున్నాయి, పొలిమేర పల్లెల్లో కన్నడం ఇంటి భాష. అట్టల మీద ఎక్కడైనా ఒకటే రకం పుస్తకాల తెలుగు. అమ్మతో కన్నడంలో మాట్లాడే పిల్లకు ‘ధూమపానం హానికరం’ అన్న అట్ట ఇచ్చి పంపితే, దాన్ని మోయడం తప్ప ఆమె చేయగలిగింది లేదు.

ఒట్టి అవగాహనకు ఎంత బలముందో పక్కనున్న దేవరగట్టే చెబుతుంది. దసరా రాత్రి బన్ని ఉత్సవంలో కర్రలతో కొట్టుకోవద్దని ఏటా అధికారులు ఊరూరా తిరిగి సదస్సులు పెడతారు. ఏటా తలలు పగులుతాయి.

సరే, అడగడం అంటే ఏమిటి? టేపు పట్టుకుని కొలవడంతో మొదలవుతుంది. తొమ్మిదో తరగతి పిల్లలు ప్రహరీ నుంచి 91 మీటర్లు కొలిచి, ఆ వృత్తంలో ఎన్ని కొట్లున్నాయో, వాటిలో ఎన్ని పొగాకు అమ్ముతున్నాయో ఒక పటం గీయవచ్చు. అది గణితమూ అవుతుంది, పౌరశాస్త్రమూ అవుతుంది. ఆ పటాన్ని, అందులో చట్టం సెక్షన్‌ను, పిల్లల సంతకాలను హెడ్‌మాస్టరు ద్వారా మున్సిపల్ కమిషనర్‌కు పంపితే, ఆ కాగితానికి జవాబివ్వాల్సిన బాధ్యత అవతలివాళ్లది అవుతుంది. ‘పొగాకును తరిమికొడదాం’ అన్న నినాదానికి ఎవరూ జవాబివ్వక్కర్లేదు. ‘ఈ మూడు కొట్లు గీత లోపల ఉన్నాయి, ఎప్పుడు తీయిస్తారు?’ అన్న ప్రశ్నకు ఎవరో ఒకరు తేదీ చెప్పాలి.

ఇక్కడ కొట్టువాళ్ల గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం. బడి గేటు పక్కన కొట్టు పెట్టుకునేది లక్షాధికారి కాదు. ఎవరో ఒక పెద్దమ్మ, మగ్గం మానేసిన ఒక తాత. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నేతకారుల సహకార సంఘం పెట్టినప్పుడు మగ్గమే ఊరికి అన్నం పెట్టింది. ఆ మగ్గాలు తగ్గాక చిల్లర కొట్టే కొందరికి ఆధారమైంది. జరిమానా రాసి వెళ్లిపోతే ఆ పెద్దమ్మ పొట్లాలను గల్లాపెట్టె కిందకు మారుస్తుంది, అంతే. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణాల్లో వ్యాపారుల కమిటీ ఉండాలి, బండికి చోటు చూపించాలి. పిల్లలు తమ అర్జీలో ఈ రెండో సగం కూడా రాస్తే మంచిది. ‘అవ్వ కొట్టు ఇక్కడే ఉండనీ, పొట్లాలు మాత్రం వద్దు. మేం శెనక్కాయల చిక్కీ, ఉడకబెట్టిన శెనగలు కొంటాం’ అని. గిరాకీ పిల్లలే కాబట్టి కొట్లో ఏముండాలో చెప్పే బలం పిల్లలకుంది. ఈ బలం పోలీసుకు లేదు.

చక్కెర విషయంలోనూ ఇదే దారి. బడి గేటు నుంచి 50 మీటర్ల లోపల కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి అమ్మకూడదని ఆహార భద్రత సంస్థ 2020లోనే నిబంధన తెచ్చింది. 2025 మేలో సీబీఎస్ఈ తన బడుల్లో చక్కెర బోర్డులు పెట్టమంది. ఏ డ్రింకులో ఎంత చక్కెర ఉందో గోడమీద రాయడం దాని ఉద్దేశం. దానికి సీబీఎస్ఈ బడే కానక్కర్లేదు, ఖాళీ సీసా చాలు. మామూలు కోలా 100 మిల్లీలీటర్లలో పదిన్నర గ్రాముల చక్కెర ఉంటుంది. 300 మిల్లీలీటర్ల సీసాలో 32 గ్రాములు, అంటే ఎనిమిది చెంచాలు. రోజుకు 25 గ్రాములు దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆ ఎనిమిది చెంచాలను గాజుగ్లాసులో పోసి బల్లమీద పెడితే ఉపన్యాసం అక్కర్లేదు. పొట్లం వెనక అచ్చు చదవడం నేర్చిన పిల్ల ఇంటికెళ్లి తమ్ముడికీ చదివి చూపిస్తుంది. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ చక్కెరనీళ్లకు ‘ఓఆర్ఎస్’ అని పేరు పెట్టి అమ్మకూడదని ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబర్‌లో ఆహార భద్రత సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. ఆ పోరాటం మొదలైంది కూడా లేబుల్ చదవడంతోనే.

ఇందులో ఉగ్గానిని తప్పుబట్టేవాళ్లు తయారవుతారు. ఎమ్మిగనూరులో పొద్దున్నే బొరుగుల ఉగ్గాని తినొద్దనే ప్రచారానికి నేను సంతకం పెట్టను. పక్కనుండే మిరపకాయ బజ్జీలు ఎన్ని అన్నది వేరే చర్చ. జొన్నరొట్టె, కొర్రన్నం, శెనక్కాయల పొడి ఇళ్లలో ఉన్న ప్రాంతమిది. ఆరోగ్యం అంటే బయటినుంచి కొనుక్కొచ్చే డబ్బా అని పిల్లల బుర్రకెక్కితే ప్రచారం ఇంకో రకం వ్యాపారానికి పనిచేసినట్టే.

ఆడపిల్లల దగ్గరకొస్తే మొదటి సమస్య రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తం తక్కువ. బడిలో వారానికొక నీలిరంగు ఐరన్ మాత్ర ఇస్తారు. అది పిల్లల చేతికి వస్తుంది, కడుపులోకి పోతుందన్న నమ్మకం లేదు. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం, మర్నాడు విరేచనం నల్లగా. ఒక పిల్లకు ఇలా అయితే తరగతంతా భయపడుతుంది. అన్నం తిన్నాక వేసుకోవాలని, నల్లగా రావడం ఐరన్ వల్లేనని, భయం లేదని, వెంటనే టీ తాగితే ఐరన్ ఒంటికి పట్టదని, నిమ్మకాయ మేలు చేస్తుందని చెప్పడానికి డాక్టరు రానక్కర్లేదు. పోయిన నెల తనకూ అలాగే అయిందని చెప్పే తొమ్మిదో తరగతి అక్క చాలు. తోటి బోధన అన్న మాటకు అసలు చోటు ఇదేననిపిస్తుంది. సిగ్గుతో సారును అడగలేని ప్రశ్నలన్నీ ఇక్కడే తెగుతాయి.

రెండోది పెళ్లి. అదే సర్వేలో రాష్ట్రంలో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిందని తేలింది. దేశం సగటు 23.3. పదహారేళ్లకు కానుపు అంటే రక్తహీనత, బీపీ, తక్కువ బరువు బిడ్డ. కాబట్టి ఇది ఆచారం సంగతిగా ఎంతో, ఆరోగ్యం సంగతిగానూ అంతే. 2024 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు ఆదోని ప్రాంతపు అమ్మాయి ఒకరు దేశమంతా వార్తయ్యారు. పదో తరగతి మంచి మార్కులతో పాసైనా, దగ్గర్లో కాలేజీ లేదని, చదివించే స్తోమత లేదని ఇంట్లో పెళ్లి చేయాలనుకున్నారు. ఆ అమ్మాయి నినాదం ఏమీ ఇవ్వలేదు. గడపగడపకు వచ్చిన ప్రజాప్రతినిధికి చెప్పింది: నాకు చదువుకోవాలనుంది. మాట కలెక్టర్‌కు చేరింది, కస్తూర్బా విద్యాలయంలో సీటు దొరికింది, పెళ్లి ఆగింది. ఇంటర్‌లో ఆమె మార్కులు చూసి కేంద్ర విద్యాశాఖ సైతం మెచ్చుకుంది.

వార్తలు ఆమె ధైర్యాన్ని పొగిడి ఊరుకున్నాయి. పొగడాల్సిందే. కానీ ఆ కథ నడిచింది రెండు కాళ్ల మీద. ఒకటి ఆమె అడగడం. రెండోది ఇవ్వడానికి అక్కడ ఒక సీటు ఉండటం. 2004లో మొదలైన కస్తూర్బా విద్యాలయాలు మొదట్లో ఎనిమిదో తరగతి వరకే. 2018 తర్వాత వాటిని పన్నెండో తరగతి దాకా పెంచే వీలు రాకపోతే, ఆమె ఎంత ధైర్యంగా అడిగినా కలెక్టరు చేతిలో ఇచ్చేందుకు ఏముండేది? ఊళ్లో ఆమెలాంటి పిల్లలు ఎందరో, పక్క మండలంలో హాస్టల్ సీట్లు ఎన్నో లెక్క చూడకుండా ‘బాలికలూ, ఎదిరించండి’ అనడం బాధ్యతను పిల్లల నెత్తిన పెట్టి పెద్దలు తప్పుకోవడమే.

ఇదే భయం నాకు మత్తు వ్యతిరేక ప్రచారం దగ్గరా ఉంది. రాష్ట్రంలో 2024 నవంబర్‌లో ఈగల్ విభాగం ఏర్పడింది, సమాచారం చెప్పడానికి 1972 నంబర్ ఇచ్చారు, బడుల్లో, కాలేజీల్లో ఈగల్ క్లబ్బులు పెట్టిస్తున్నారు. ఫోన్ నంబర్ పిల్లలకు తెలియడం మంచిదే. కానీ చిన్న ఊరిలో గుట్కా దించేవాడు ఎవరి బాబాయో, ఎవరి వీధివాడో అయ్యుంటాడు. పదమూడేళ్ల పిల్లవాడిని సమాచారం ఇచ్చేవాడిగా మార్చి, రేపు వాడు అదే వీధిలో నడవాల్సి వస్తుందన్న సంగతి మరిచిపోకూడదు. కొలవడం, రాయడం, అడగడం పిల్లల పని. పట్టుకోవడం పోలీసు పని. బాల్యవివాహానికీ ఇంతే. బాలల సహాయ నంబర్ 1098కి ఫోన్ చేసిన పిల్ల పేరు బయటికి వస్తే, తర్వాత ఫోన్ చేసేవాళ్లు ఉండరు.

ఈ ప్రాంతంలో అన్నిటినీ మించిన చిక్కు ఇంకొకటుంది. ఏ కార్యక్రమం కాగితంలోనూ ఇది కనబడదు. సుగ్గి, అంటే పనుల కోసం ఊరు విడిచిపోయే వలస. వానలు సరిగా పడక, పనుల్లేక కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, ఆదోని పల్లెల నుంచి కుటుంబాలు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు, కూలిపనులకు బెంగళూరుకు పోతాయి. ఇంటికి తాళం పడుతుంది, ముసలివాళ్లు మిగులుతారు. పిల్లలు కొందరు సీజనల్ హాస్టల్లో చేరతారు, కొందరు అమ్మానాన్నల వెంట పోతారు. చిన్నదాన్ని చూసుకోవడానికి పెద్దపిల్ల పోవాలి. బడి శ్రద్ధగా ఎంచి, శిక్షణ ఇచ్చిన తోటి బోధకురాలు జనవరిలో మిరపతోటలో ఉంటుంది. అక్కడ ఆమెకు నీలి మాత్ర ఎవరిస్తారు? ఆ గుడారాల దగ్గర పొట్లం అమ్మే మనిషికి ఏ బడి గీత వర్తిస్తుంది? పిల్ల వయసుకొచ్చింది, సుగ్గికి పోతే గుడారంలో కాపలా ఎవరు కాస్తారు అన్న భయంతోనే కొన్ని పెళ్లిళ్లు జరుగుతాయి. దాన్ని మూఢత్వం అని కొట్టిపారేసి ప్రచారం చేస్తే, ఆ తల్లి చెవికి అది ఎక్కదు. ఆమెకు కావలసింది మార్చి దాకా పిల్లను భద్రంగా ఉంచే హాస్టల్. కాబట్టి ఇక్కడి పిల్లలు మొదట అడగాల్సిన ఆరోగ్యకరమైన వస్తువు, నా ఉద్దేశంలో, దసరాకు ముందే తెరిచే సీజనల్ హాస్టల్.

అడగడంతో రాజ్యం కదిలిన కథ తెలుగునాట ఒకటుంది, అందరికీ తెలిసిందే. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు సారా గురించిన పాఠం చదివి, ఆ పాఠం తమ ఊరిదేనని గుర్తుపట్టారు. 1992లో రగిలిన ఆ ఉద్యమం ‘సారా మానండి’ అని మగవాళ్లను బతిమాలడం దగ్గర ఆగలేదు, సారా దుకాణం మా ఊళ్లో వద్దంది. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఆ రెండోది పోయింది కూడా. గెలిచినదాన్ని కాపాడుకోవడం వేరే పని అని అక్కడే తెలిసింది. పసుపు గీత కూడా అంతే, రెండు వానలకు చెరిగిపోతుంది. గీసే తరగతి ఏటా మారుతుంది కాబట్టి గీయడం ఏటా జరగాలి.

ఇక పని ఎప్పుడు, ఎక్కడ? బడి తెరిచే జూన్ 12 నుంచి దసరా దాకా ఉన్న నాలుగు నెలల్లోనే ఊరు నిండుగా ఉంటుంది. కొలతలు, పటం, అర్జీ అప్పుడే పూర్తి కావాలి. తల్లిదండ్రులంతా బడికి వచ్చే మెగా సమావేశం 2025లో జూలై 10న జరిగింది. అలాంటి సమావేశంలో పిల్లలు ఆటపాటలతో పాటు తమ పటాన్ని కూడా చూపిస్తే, ఆ కొట్టు యజమాని కూడా ఆ జనంలో తండ్రిగా కూర్చుని ఉండొచ్చు. కలెక్టరేట్‌లోనూ మండల కార్యాలయాల్లోనూ ప్రజా సమస్యల పరిష్కార వేదిక సోమవారం జరుగుతుంది. ఆ రోజు పిల్లలకు బడి ఉంటుంది, ఉండాలి కూడా. అర్జీ పట్టుకుని బడి యాజమాన్య కమిటీలోని ఒక తల్లో తండ్రో వెళ్లాలి, రసీదు తీసుకోవాలి, ఆ నంబర్‌ను తరగతి గోడమీద రాయాలి. గడువు తేదీ కూడా పక్కనే రాయాలి.